ఒక తల్లి మొక్క, మూడు చోట్లు: సెమిలిగూడ తేయాకు డైరీ

12 జూన్ 2019

నీలగిరుల్లోని కూనూరు నర్సరీ నుంచి తేయాకు మొక్కలు ఈ రోజు ఇంటికి చేరాయి. విజయనగరం దాకా రైల్లో, అక్కడి నుంచి సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి వ్యానులో ఒడిశా కోరాపుట్ కొండల్లోని మా సెమిలిగూడకు. మూడు వందల పదింటిలో దారిలోనే వాడిపోయినవి ఇరవై రెండు. రకాలు మూడు: అస్సాం జాతి విత్తనపు మొక్కలు, చైనా జాతి విత్తనపు మొక్కలు, నీటి ఎద్దడిని తట్టుకుంటుందని పేరున్న, దక్షిణాది తోటల యజమానుల సంఘం ఉపాసి వారి ‘ఉపాసి-9’ క్లోను, అంటే విత్తనంతో కాక కొమ్మ ముక్కలతో పెంచే రకం. రెండు జాతులనూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. అస్సాం ఆకు అరచేయంత సాగుతుంది, లేత రంగు, పైభాగం ఉబ్బెత్తుగా ముడతలు తేలి ఉంటుంది. చైనా ఆకు రెండంగుళాలు దాటితే గొప్ప. ముదురు రంగు, బిరుసు, అంచున సన్నని రంపపు పళ్లు.

వదిన సాలూరు నుంచి ఫోను చేశారు. “అది కాఫీ నేల కదయ్యా, టీ ఎందుకు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా 1958లో నేల సంరక్షణ శాఖ ఈ కొండల మీద కాఫీ నాటించింది. ఆ తోటల్ని చూసి మా నాన్న మా అర ఎకరం మధ్యలో సిల్వర్ ఓక్ చెట్లు వేశారు. కాఫీ మాత్రం వేయలేదు. పొద్దున లేవగానే ఆయనకు టీ కావాలి. ఎర్రమట్టి వాలు, సుమారు 900 మీటర్ల ఎత్తు, వానాకాలం నిండా ముసురు, ఇన్ని ఉన్న చోట ఆ ఆకు ఎలా వస్తుందో చూడాలని అంటూ ఉండేవారు. ఆయనకు ఆ అవకాశం రాలేదు.

నాటే వరస ఇలా అనుకున్నాను. అస్సాం జాతి బ్రహ్మపుత్ర లోయలో వేడికీ తడికీ అలవాటుపడిన మొక్క కనుక అది దిగువన, జోలా గట్టు మీద. వాగు పక్కన మళ్లు కట్టి వరి పండించే పల్లాన్ని ఇక్కడ జోలా అంటారు. చైనా జాతి 1841 నుంచి డార్జిలింగ్ చలికొండల్లో నిలదొక్కుకున్నది కనుక అది మధ్యలో, చెట్ల చల్లదనంలో. ఉపాసి-9 ఎండకు ఓర్చుకుంటుంది కనుక పైన, నీడ లేని రాతి వాలులో. ఏ మొక్కకు తగిన చోటు దానికి. చాలా తృప్తిగా ఉంది.

7 జులై 2019

మట్టి పరీక్ష ఫలితం వచ్చింది. నేల పులుపును చెప్పే పీహెచ్ అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పైన 4.9, మధ్యలో 5.1, దిగువన 5.4. తేయాకుకు కావలసింది 4.5 నుంచి 5.5 మధ్య. ఇంత పుల్లని నేలలో మా వంగ మొక్కలు ఎందుకు కుంగిపోయేవో ఇప్పుడు అర్థమైంది. నేల ఇలా పుల్లబడితే మట్టిలోని అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది, చాలా పంటల వేళ్లను అది మొద్దుబార్చేస్తుంది. తేయాకుది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. అల్యూమినియం అందితే దాని వేళ్లు ఇంకా చురుగ్గా సాగుతాయి. తాగినదాన్ని ముదురాకుల్లో దాచిపెట్టుకుంటుంది. ఇక్కడికి దగ్గరలోనే దమన్‌జోడి, ఆ పైన పంచపట్మాలి బాక్సైట్ కొండ. అల్యూమినియం కోసం మనుషులు తవ్వే ఈ కొండల్లో అదే లోహాన్ని ఇష్టంగా పీల్చే మొక్కను నాటానని తెలిశాక మొక్కల మీద కొత్త గౌరవం కలిగింది.

24 నవంబరు 2019

పొరపాటు నాదే, రాసి పెట్టాలి. చలికి ముందు బలం ఇద్దామని మధ్య వరుసల్లో రెండింటికి పొయ్యి బూడిద దండిగా చల్లాను. కూరపాదులకు చేసే పనే కదా అనుకున్నాను. మూడు వారాలకు ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య ఆకు పసుపుబారింది. బూడిద సున్నం లాంటిది, నేల పులుపును విరిచేస్తుంది. అప్పుడు ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. పై మట్టిని గీకి తీసేసి గంధకం కలిపాను. పద్నాలుగు మొక్కలు పోయాయి. ఇక ఎరువు అంటే అమ్మోనియం సల్ఫేటు, సిల్వర్ ఓక్ ఆకుల మెత్త, అంతే.

19 ఆగస్టు 2021

మధ్య కాండం తుంచి పక్క కొమ్మలు రానిచ్చి, నడుం ఎత్తులో బల్లపరుపుగా కత్తిరించుకుంటూ రెండేళ్లు గడిచాయి. ఈ రోజు మొదటి కోత. పక్క ఊరి పరజా ఆదివాసీ అక్కాచెల్లెళ్లు ఇద్దరు సాయం వచ్చారు. ఇక్కడి దేసియా భాషలో నేను ఆగి ఆగి చెప్పింది వాళ్లు ఇట్టే పట్టుకున్నారు: రెండాకులు, ఒక మొగ్గ. పెద్దామె ఒక కొమ్మ చూపించి “ఇది నిద్రపోయింది” అంది. చూస్తే నిజమే. కొసన సూదిలా నిలబడాల్సిన మొగ్గ గింజంత ముడుచుకుని ఆగిపోయింది. తోటల్లో దీన్ని ‘బంజీ’ అంటారు. ఆ కొమ్మ మీది ఆకు త్వరగా నారెక్కుతుంది, దాన్ని కలిపితే పొడి నాణ్యత పడిపోతుంది. నేను పుస్తకం చూసి నేర్చుకున్నదాన్ని ఆమె ఒక్క చూపులో చెప్పింది.

రాత్రంతా ఆకును వెదురు తట్టల్లో పలుచగా ఆరబోశాను. కొమ్మ విరిస్తే టక్కున విరగకుండా వంగే దాకా వాడాలి. పొద్దున చాప మీద వేసి అరచేతులతో నలిపాను. కోసిన వంకాయ నల్లబడినట్టే నలిగిన ఆకూ గాలి తగిలి రంగు మారుతుంది. ఆకులోని వగరు పదార్థాలైన కాటెకిన్లు, ఇంతవరకు విడివిడి గదుల్లో ఉన్న ఎంజైము, నలిపితే ఒకచోట కలుస్తాయి. వాటి నుంచి పుట్టే థియాఫ్లావిన్లు టీకి మెరుపునూ నాలుక మీద చురుకునూ ఇస్తాయి. ఆ తరువాత వచ్చే థియారుబిగిన్లు ముదురు రంగు, నిండుదనం ఇస్తాయి. తడి గుడ్డ కింద రెండు గంటలు ఉంచితే తోమిన రాగి చెంబు రంగు వచ్చింది. ఆ వాసనకు వంటింట్లోంచి మా ఆవిడ బయటికి వచ్చింది.

నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు కిలో పొడి లెక్కన తేలింది. సాలూరుకు పంపాను. వదిన కప్పు తాగి నిజాయతీగా చెప్పారు: “రంగు ఉంది, రుచి నీళ్లలో నీళ్లు.”

30 డిసెంబరు 2021

వదిన మాట నిజమని ఈ రోజు ఋజువైంది, అదీ అవే మొక్కల వల్ల. పై వాలులో ఉపాసి-9 వరుస నుంచి కోసి, ఆగస్టులో ఎలా చేశానో అచ్చం అలాగే చేశాను. కప్పు చల్లారుతున్న కొద్దీ పూల వాసన పైకి లేస్తోంది. వగరు ఉంది కానీ గొంతు పట్టేది కాదు, నోరూరించేది.

ఆగస్టులో ఏడెనిమిది రోజులకొకసారి కోత. ఇప్పుడు ఇరవై రోజులైనా చిగురు పూర్తిగా విచ్చుకోవడం లేదు. వానల్లో చిగురు నీళ్లు తాగి ఉరుకుతుంది. ఆకు నిండా తడి, రుచినిచ్చే సరుకు పలచన. చలి రాత్రుల్లో, తడి తక్కువైన నేలలో అదే చిగురు ఒక్కొక్క అడుగు వేస్తుంది. అస్సాంలో చలికాలం పగళ్లు మరీ కురచై మొక్కలు దాదాపు పూర్తిగా నిద్రలోకి జారుకుంటాయి. మన అక్షాంశంలో డిసెంబరులో కూడా పగలు సుమారు పదకొండు గంటలు ఉంటుంది కనుక పెరుగుదల ఆగదు, నెమ్మదిస్తుంది. నీలగిరుల్లో చలినెలల టీకి ఉన్న మంచి పేరుకు కారణం కూడా ఇదే. కొండ ఎత్తు అనే మాటలో ఉన్నదంతా చివరికి ఈ నిదానమే అనిపిస్తోంది నాకు.

13 ఫిబ్రవరి 2022

సునాబెడ నుంచి మాస్టారు వచ్చారు. పదో తరగతిలో నాకు రసాయన శాస్త్రం చెప్పిన ఆయన, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. మూడు వరుసల పొడులు మూడు కప్పుల్లో పోసి, “అస్సాంది నిండుగా, చైనాది తేలికగా, ఉపాసిది చురుగ్గా ఉంది, గమనించారా” అన్నాను. ఆయన తోటంతా ఒకసారి తిరిగి వచ్చి కూర్చున్నారు.

“బాబూ, అస్సాం నిండుగా ఉన్నది అస్సాం కావడం వల్లనా, పల్లంలో ఉండడం వల్లనా?”

నా దగ్గర జవాబు లేదు. ఏ రకాన్నీ రెండు చోట్ల నాటలేదు. ఏ చోటా రెండు రకాలు లేవు. రెండున్నరేళ్లుగా నోటుపుస్తకంలో రకం కింద రాసుకున్న ప్రతి మాటా చోటు వల్ల వచ్చింది కూడా కావచ్చు. ఏ మొక్కకు తగిన చోటు దానికి ఇచ్చాను, అక్కడే పరీక్ష చెడింది. మాస్టారు వెళ్లాక చాలాసేపు సిల్వర్ ఓక్‌ల కింద కూర్చున్నాను. బాధ కంటే ఎక్కువగా ఆయన మీద కృతజ్ఞత కలిగింది.

5 జులై 2022

మళ్లీ మొదటి నుంచి. ఈసారి కొమ్మలతో.

తేయాకు పరపరాగ సంపర్కపు మొక్క. ఒకే చెట్టు గింజల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఒక్కోటి ఒక్కో తీరు. అందుకే విత్తనపు మొక్కలతో పోలిక కుదరదు. కొమ్మ ముక్క నుంచి పెంచితే తల్లి ఎంతో బిడ్డ అంతే. ఉపాసి-9లో ఒక తల్లి, చైనా వరుసలో నాకు బాగా నచ్చిన ఒక తల్లి, రెండింటిని ఎంచుకున్నాను. కత్తిరింపు ఆపి నాలుగు నెలలు పొడవుగా పెరగనిచ్చాను.

ముక్క తీసే తీరు ఇది. కొమ్మ అడుగు గోధుమ రంగుకు తిరిగి, కొస ఇంకా పచ్చగా ఉంటుంది. ఆ మధ్య భాగమే పనికి వస్తుంది. ఒక ఆకు, దాని కింద అంగుళంన్నర కాడ, ఆకు చంకలో నిద్రపోతున్న చిన్న మొగ్గ. పై కోత ఆకుకు పావు అంగుళం పైన, ఆకు వాలిన వైపే ఏటవాలుగా ఉండాలి. బ్లేడు జారి మొగ్గకు తగిలితే ఆ ముక్క వృథా. కోసిన వెంటనే నీళ్ల బకెట్లో వేయాలి. సంచుల్లో అడుగున మామూలు మట్టి, పైన మూడంగుళాలు నేల లోపలి పొర నుంచి తవ్విన ఎర్రమట్టి. అక్కడ నేల పైపొర మట్టి వేస్తే, అందులోని కుళ్లిన ఆకుల వల్ల వేరు రాక ముందే కాడ కుళ్లిపోతుంది. ఆకు మట్టిని తాకకూడదు, ఒక ఆకు మరొక ఆకును కప్పకూడదు. నూట అరవై ముక్కలు పెట్టి పైన ప్లాస్టిక్ గుడారం, దాని మీద పచ్చ వల కట్టాను. మా ఆవిడ ప్రతి పొద్దునా గుడారం లోపల చెమట పట్టిందా లేదా అని చూస్తానంది.

21 జూన్ 2023

తొంభై నాలుగు బతికాయి. అరవై నాటాను: ఇద్దరు తల్లులు, ఒక్కొక్కరి బిడ్డలు ప్రతి చోటా పది. పైన ఎండలో, మధ్యలో నీడలో, దిగువన జోలా గట్టు మీద. దిగువన రెండడుగుల లోతు కాలువ తవ్వాను. తడి కావాలి కానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే తేయాకు బతకదు.

9 జూన్ 2024

కొత్త మొక్కలు పెరుగుతూ ఉండగా పాత చైనా వరుసలో అనుకోనిది జరిగింది. ఏప్రిల్ వేడికి ఎర్రనల్లి వస్తుందని తెలుసు, వచ్చింది, నీళ్లు కొట్టి కడిగాం. మే నెలలో జల్లులు పడ్డాక పచ్చదోమ దిగింది. పత్తి రైతులకు దాని పేరు చెబితే చాలు గుండె జారుతుంది. ఆకు తిరగేస్తే వడ్లగింజలో సగం కూడా లేని లేత పచ్చ పురుగులు, తాకబోతే పక్కకు జరుగుతాయి. చిగుళ్ల అంచులు పసుపుబారి, దోనెలా ముడుచుకుని, కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. పారబోయాల్సిన ఆకులా ఉంది.

పారబోయలేదు. డార్జిలింగ్‌లో రెండో విడత టీకి పేరు తెచ్చిన ద్రాక్షపండు లాంటి వాసనకూ, తైవాన్‌లో ‘తూర్పు సుందరి’ అనే టీలోని తేనె వాసనకూ ఈ పురుగు కాటే మూలమని చదివి ఉన్నాను. రసం పీల్చినప్పుడు మొక్క ఊరుకోదు. తనను తాను కాచుకునే క్రమంలో సువాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. అవే మన కప్పులోకి వస్తాయి. కరిచిన చిగుళ్లు మాత్రమే ఏరితే ఆరు వందల గ్రాములు దొరికాయి. ఎక్కువ వాడనిచ్చి, మెల్లగా నలిపి చేశాను. పొడి నూట ముప్పై గ్రాములు. మూత తీయగానే బెల్లం పాకం, ఎండు ఖర్జూరం గుర్తొచ్చాయి. ఈ తోటలో ఇప్పటివరకు వచ్చిన టీలలో ఇదే ఉత్తమం, సందేహం లేదు.

అయితే పురుగు కాటన్నా అన్నీ ఒకటి కావు. జీడిమామిడి రైతులకు తెలిసిన టీ దోమ ఆగస్టులో మా దిగువ వరుస మీద పడినప్పుడు చిగుళ్ల నిండా నల్లమచ్చలు మిగిలాయి, వాసనా లేదు, ఆకూ లేదు.

16 అక్టోబరు 2024

చిన్న ప్రయోగం, త్వరగా తేలింది. పై వాలులో పాత ఉపాసి మొక్కలు ఆరింటికి ఇరవై రోజులు పచ్చ వల కప్పాను. టీకి కమ్మదనమిచ్చే థియనైన్ వేళ్లలో పుట్టి చిగురుకు ఎక్కుతుంది. ఎండ తగిలితే అది విరిగి వగరు కాటెకిన్లకు ముడిసరుకవుతుంది. ఎండ మరుగైతే చాలా వరకు అలాగే నిలుస్తుంది. జపాన్‌లో గ్యోకురో టీ కోసం తోటలకు పందిళ్లు వేసేది ఇందుకే. వల కింది ఆకు పలచబడి, ముదురు పచ్చగా మారింది. ఇడ్లీ పాత్రలో నిమిషం సేపు ఆవిరి పట్టి, మూకుట్లో ఆరబెట్టి పచ్చ టీ చేశాను. పక్కనే వల లేని మొక్కల ఆకుతోనూ చేశాను. వలది పెసరకట్టులా కమ్మగా ఉంది, రెండోది కాకరకాయను తలపించింది. అదే వల ఆకుతో నల్ల టీ చేస్తే మాత్రం చప్పగా, రంగు లేకుండా వచ్చింది. ఆకు మంచిదా అని అడిగే ముందు ఏ టీకి అని అడగాలన్నమాట.

2 నవంబరు 2025

వారం క్రితం అరవై కొత్త మొక్కల నుంచీ ఒకే ఉదయం కోశాం. ఆరు తట్టలు, ఒకే గది, ఒకే గడియారం. నలపడం మాత్రం నేనొక్కడినే, చేతి ఒత్తిడి మారకూడదని. ఈ రోజు మాస్టారూ, వదినా వచ్చారు. తూకం మాత్రం వృత్తిగా టీ రుచి చూసేవాళ్ల పద్ధతిలోనే: వంద మిల్లీలీటర్ల మరిగిన నీటికి రెండు గ్రాముల పొడి, ఆరు నిమిషాలు, పాలు పంచదార లేవు. కప్పుల అడుగున అంకెలు రాసి ఎవరికీ చెప్పకుండా వరస మార్చింది మా ఆవిడ.

ముందు ఆకు చూసిన లెక్క. ఒకే తల్లి బిడ్డలని చెబితే నమ్మరు. దిగువన ఉపాసి ఆకు వెడల్పు, కణుపుకూ కణుపుకూ మధ్య బారెడు దూరం అన్నట్టు సాగింది. బరువులో పైవాలు కంటే దాదాపు రెట్టింపు. పైన చిన్నది, దళసరి, పట్టుకుంటే కొంచెం గరుకు. నీడలో మెత్తగా, నున్నగా.

కప్పుల్లో ఉపాసి మూడు చోట్ల మూడు రకాలుగా పలికింది. పైది చురుగ్గా మెరుస్తూ ఉంది. దిగువది రంగులో పైదానికి సరిసాటి, కానీ మింగాక వెనుక ఏమీ మిగలలేదు. నీడది మెత్తగా, మందకొడిగా ఉంది. పచ్చ టీకి వాడాల్సిన ఆకది. చైనా బిడ్డల సంగతి వేరు. ఏ చోట నుంచి వచ్చినా రంగు లేత తేనె దాటలేదు. చైనా జాతి ఆకులో కాటెకిన్లు తక్కువ. దానికి లేని నిండుదనాన్ని పల్లపు నేల ఇవ్వలేకపోయింది. చోటు మారితే దాని వాసన మారింది: పైన పూలు, నీడలో పచ్చి బఠాణీ, దిగువన అదే పూల వాసన దూరం నుంచి వచ్చినట్టు. మూడున్నరేళ్ల క్రితం మాస్టారు అడిగినదానికి ఇది జవాబు అనుకుంటున్నాను. ఆనాడు నిండుగా తోచిన అస్సాం కప్పులో పల్లపు నేల ఇచ్చింది బరువే, నిండుదనం జాతిదే అయి ఉండాలి. దాన్ని తేల్చాలంటే అస్సాం తల్లి ముక్కలు పైవాలుకు వెళ్లాలి.

మాస్టారు కళ్లద్దాలు పైకి తోసి, ఆరు కప్పులూ రెండోసారి తాగి, నాలుగో అంకె కప్పును ముందుకు జరిపారు. పైవాలు చైనా. వదిన ఒప్పుకోలేదు. “పాలు పోసి చూడందే టీ సంగతి ఏం తెలుస్తుంది?” అని వంటింట్లోకి వెళ్లి ఒక్కొక్కటీ మరిగించారు. పాలు పోయగానే నాలుగో అంకె కనబడకుండా పోయింది. నిలిచినది ఒకటో అంకె, పైవాలు ఉపాసి. “దీన్ని సాలూరు పంపు. ఆరేళ్లకు టీ చేశావు” అన్నారు. రెండు వందల గ్రాములు డబ్బాలో కట్టి ఇచ్చాను.

దిగువ వరుసలో అస్సాం తల్లి ఒకదానికి ఎర్ర గుడ్డ ముక్క కట్టి, ఇక దాన్ని కోయవద్దని అక్కాచెల్లెళ్లకు చెప్పాను. మార్చి దాకా పెరగనిచ్చి, ఎండలు ముదరక ముందే నలభై ముక్కలు తీయాలి. సంచులకు లోపలి మట్టి రేపే తవ్వి జల్లించి ఉంచుతాను.